పల్చని రంగు కాటన్ గుడ్డ దిగుమతి: టారిఫ్ కోడ్ ఎలా తేల్చుకోవాలి

"మేం తెప్పిస్తున్నది రంగు వేసిన వాయిల్. 5208.31 రాయాలా, 5208.32 రాయాలా?" మాటలు మారినా దిగుమతిదారులు అడిగేది ఇదే, కస్టమ్స్ కాగితం మీద ఏ టారిఫ్ కోడ్ వేయాలని. ఇంకొందరు సరఫరాదారు ఇన్‌వాయిస్ మీద వేసిన కోడ్ చూపించి "ఇది వాడేయొచ్చా?" అంటారు. రెండిటికీ జవాబు ఒకటే. వాయిల్, కేంబ్రిక్, లాన్, మల్ అనే పేర్లను బట్టి కోడ్‌లో మొదటి ఆరు అంకెలు రావు. పీచు, బరువు, రంగు, నేత, ఈ నాలుగే వాటిని తేలుస్తాయి. నాలుగూ గుడ్డ మీద కొలిచి, చూసి తెలుసుకోవలసినవే. సరఫరాదారు కోడ్ అతని దేశపు ఎగుమతి అవసరానికి వేసుకున్నది. దాన్ని ఒక సూచనగా తీసుకోండి, అంతకు మించి నమ్మకండి.

ఆరు అంకెల దాకా పద్ధతి హెచ్‌ఎస్ (సరుకులకు కోడ్‌లు ఇచ్చే అంతర్జాతీయ వర్గీకరణ) పాటించే దేశాలన్నిటిలో ఒకటే. ఆ తర్వాతి అంకెలు ఏ దేశానివి ఆ దేశానివి. వాటి సంగతి ఏడో మెట్టులో చెప్తాను.

దగ్గర పెట్టుకోవలసినవి

- నిండు పన్నాతో కత్తిరించిన మీటరు నమూనా, రెండు అంచులూ ఉండాలి. వేర్వేరు తాన్ల నుంచి రెండు మూడు ఉంటే ఇంకా మంచిది.
- 0.01 గ్రాము దాకా చూపే తూకం.
- పోగులు లెక్కపెట్టే భూతద్దం, ఒక సూది.
- స్టీలు స్కేలు, పదునైన కత్తెర. 100 చదరపు సెంటీమీటర్ల గుండ్రని జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు గ్రాములు) కట్టర్ దొరికితే పని తేలిక.
- సరఫరాదారు దగ్గరనుంచి రాతపూర్వకంగా: పీచుల శాతాల ల్యాబ్ రిపోర్టు, పడుగు పేకల కౌంట్ (నూలు సన్నదనం చెప్పే నంబరు), అంగుళానికి పోగులు, రంగు నూలుకు వేశారా గుడ్డకు వేశారా, చివర ఏం ఫినిష్ ఇచ్చారు.
- మీ దేశపు తాజా టారిఫ్. అందులో 52వ అధ్యాయం ఒక్కటే చాలదు, 11వ సెక్షన్ మొదట్లో ఉండే నోట్లు, సబ్‌హెడింగ్ నోట్లు కూడా కావాలి. చిక్కుముళ్లన్నీ అక్కడే విడిపోతాయి.

1. ముందు ఇది 52వ అధ్యాయంలోకి వస్తుందా చూడండి

సూదితో ఒక మూల పోగులు లాగండి. పడుగు, పేక విడివిడిగా వస్తే అది నేత గుడ్డ. ఉచ్చులు ఉచ్చులుగా ఊడితే అల్లిక గుడ్డ, అది 60వ అధ్యాయం. ఇక ఈ మెట్లు మీకు పనికిరావు.

నేత గుడ్డే అయినా కొన్ని రకాలు వేరే చోటికి పోతాయి:

- వెల్వెటీన్, కార్డురాయ్ లాంటి, పైన మెత్తటి నూగు ఉండే (పైల్) గుడ్డలు 5801. టవల్ గుడ్డ 5802.
- 30 సెంటీమీటర్లకు మించని పన్నా, రెండు వైపులా అంచు ఉంటే 5806.
- ఎంబ్రాయిడరీ ఉంటే 5810.
- ప్లాస్టిక్ పూత కంటికి కనిపిస్తే 5903. పూత వల్ల రంగు మారినట్టు కనిపించడం మాత్రం లెక్కలోకి రాదు. కంటికి కనిపించని నీటి నిరోధక ఫినిష్ ఉన్నా గుడ్డ 52లోనే ఉంటుంది.
- అంచులు మడిచి కుట్టినవి, ముడివేసిన కుచ్చులున్నవి, ఇక కోసి విడదీయడమే తరువాయిగా నేసిన స్కార్ఫులు, టేబుల్ గుడ్డలు 'తయారైన వస్తువులు'. అవి 50 నుంచి 55 దాకా ఏ అధ్యాయంలోకీ రావు. పోగులు ఊడకుండా కోసిన అంచును ఊరికే చుట్టి కుట్టినంత మాత్రాన ఆ లెక్కలోకి రాదు.

పల్చని గుడ్డలు తెప్పించేవారు ఎక్కువగా తడబడేది 'గాజ్' దగ్గర. 5803లో చెప్పిన గాజ్ అంటే లీనో నేత. అందులో ఒక పడుగు పోగు పక్క పడుగు పోగును దాటి మెలిక తిరుగుతుంది, ఆ మెలికలోంచి పేక వెళ్తుంది. బజారులో గాజ్ పేరుతో అమ్మేది చాలాసార్లు వదులుగా నేసిన సాదా గుడ్డే. భూతద్దం కింద మెలిక కనిపిస్తేనే 5803, లేకపోతే 52లోనే కొనసాగండి. మందు పట్టించిన గాజ్, వైద్య అవసరానికి చిల్లర ప్యాకెట్లలో కట్టిన గాజ్ 3005కి వెళ్తుంది.

2. పీచుల శాతం తేల్చండి

శాతాలన్నీ బరువు ప్రకారమే. గుడ్డ బరువు చదరపు మీటరుకు 200 గ్రాములు మించకపోతే దారులు మూడు:

- కాటన్ 85 శాతం లేదా ఎక్కువ: 5208.
- కాటనే ఎక్కువ కానీ 85కు తక్కువ, మిగిలినదంతా లేదా మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పాలియెస్టర్, విస్కోస్ లాంటి కృత్రిమ పీచు: 5210.
- కాటనే ఎక్కువ కానీ 85కు తక్కువ, కలిసింది ప్రధానంగా లినెన్, పట్టు లాంటి వేరే పీచు: 5212.

200 దాటితే 5208 బదులు 5209, 5210 బదులు 5211. 5212 మాత్రం రెండు బరువులకూ ఒకటే హెడింగ్ (కోడ్‌లో మొదటి నాలుగు అంకెలు), విభజన లోపల ఉంటుంది. సరిగ్గా 85 శాతమైతే 5208లోనే ఉన్నట్టు.

సగం కాటన్, సగం పాలియెస్టర్ స్టేపుల్ (పొట్టి పీచు) ఉన్న గుడ్డను కాటన్ కింద వేసేవాళ్లు చాలామంది. ఏ పీచూ ఎక్కువ కానప్పుడు, సమానంగా పోటీలో ఉన్న హెడింగుల్లో అంకెల వరసలో చివర వచ్చేదే తీసుకోవాలి. కాబట్టి ఇది 55వ అధ్యాయానికి పోతుంది. అక్కడ బరువు హద్దు కూడా 200 కాదు, 170 గ్రాములు.

ఇంతకన్నా కనిపించని ఉచ్చు మూడు పీచుల గుడ్డలో ఉంది. 45 శాతం కాటన్, 30 శాతం పాలియెస్టర్ స్టేపుల్, 25 శాతం విస్కోస్ స్టేపుల్ అనుకోండి. విడివిడిగా చూస్తే కాటనే ఎక్కువ. కానీ ముందు అధ్యాయం తేల్చి, తర్వాతే హెడింగ్ తేల్చమంటుంది 11వ సెక్షన్ నోటు. పాలియెస్టర్, విస్కోస్ రెండూ 55వ అధ్యాయానివే, కలిపితే 55 శాతం. గుడ్డ 52 నుంచి బయటికి వెళ్లిపోయింది. ఒకటి ఫిలమెంటు (తెగని పొడవాటి పోగు, 54వ అధ్యాయం), ఒకటి స్టేపుల్ అయినా తప్పించుకోలేరు, ఎందుకంటే కాటన్ లాంటి వేరే అధ్యాయపు పీచుతో కలిసినప్పుడు 54, 55 రెండిటినీ ఒకే అధ్యాయంగా చూడాలి.

కాల్చి చూసే పరీక్ష సంగతి. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది, కాటన్ కాగితంలా కాలి బూడిదవుతుంది. అయితే విస్కోస్ కూడా కాగితంలాగే కాలుతుంది. అందుకే కాటన్ విస్కోస్ మిశ్రమాన్ని మంట పట్టివ్వలేదు, సూక్ష్మదర్శిని పట్టిస్తుంది: కాటన్ పీచు మెలితిరిగిన రిబ్బనులా ఉంటుంది. శాతాలు కావాలంటే ఐఎస్‌ఓ 1833 వరస పద్ధతులతో ల్యాబ్ పరీక్ష తప్పదు. ఫలితం 85 దగ్గరలో ఉంటే, శాతం పొడి బరువు మీద చెప్పారా, తేమ కలిపి చెప్పారా అని అడగండి. కాటన్ తేమ పీల్చినంతగా పాలియెస్టర్ పీల్చదు, అందువల్ల రెండు లెక్కలకూ తేడా వస్తుంది.

3. బరువు తూచండి

ఎక్కువ గొడవలు పుట్టేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా వెళ్దాం. సాదా నేత 5208 గుడ్డకు రెండు గీతలు ఉన్నాయి: చదరపు మీటరుకు 100 గ్రాములు, 200 గ్రాములు. సరిగ్గా 100 వస్తే గీతకు కింది వైపే, సరిగ్గా 200 వచ్చినా కింది వైపే. 'దగ్గర దగ్గర' అనే వెసులుబాటు టారిఫ్ మాటల్లో ఎక్కడా లేదు.

తూచవలసింది దిగుమతి అయ్యే స్థితిలో ఉన్న గుడ్డను. ముడి గుడ్డ బరువు చెప్పి ఊరుకునే సరఫరాదారులున్నారు. రంగు, ఫినిష్ అయ్యాక గుడ్డ ముడుచుకుంటే అదే గుడ్డ చదరపు మీటరుకు బరువెక్కుతుంది. గంజి, ఫినిష్ కూడా తూకంలో కూర్చుంటాయి.

చేసే పద్ధతి:

నమూనాను మడతలు లేకుండా ఒక రోజు పరిచి ఉంచండి. ప్రమాణం 20 డిగ్రీల సెల్సియస్, 65 శాతం తేమ. మీ గదిలో అది కుదరకపోయినా, లారీ దిగిన తడి గుడ్డనో, ఇస్త్రీ చేసిన వేడి గుడ్డనో తూచకండి. తర్వాత అంచులకు దూరంగా 50 × 50 సెంటీమీటర్ల ముక్క కోసి తూచి 4తో గుణించండి. కట్టర్ ఉంటే గ్రాములను 100తో గుణిస్తే సరి. తాను మొదట, మధ్య, చివర మూడు చోట్ల చేసి సగటు తీయండి.

కత్తెరతో కోసేటప్పుడు చిన్న ముక్కతో సరిపెట్టకండి. 10 × 10 ముక్కలో ఒక్కో వైపు ఒక మిల్లీమీటరు ఎక్కువ కోస్తే వైశాల్యం 2 శాతం పెరుగుతుంది, 99 గ్రాముల గుడ్డ 101గా కనిపిస్తుంది. 50 × 50 ముక్కలో అదే తప్పు 0.4 శాతమే.

మీటరు గుడ్డ తూచి పన్నాతో భాగించే పద్ధతి కూడా సరైనదే, పన్నా సరిగ్గా ఉంటేనే. నిండు పన్నా మీటరు 148 గ్రాములు తూగిందనుకోండి. ఇన్‌వాయిస్‌లో 147 సెంటీమీటర్లు అని ఉంది, భాగిస్తే 100.7 గ్రాములు. కానీ ఆ 147 అంచులు పోను వాడుకకు వచ్చే పన్నా. అంచుతో కలిపి కొలిస్తే 150. భాగిస్తే 98.7. ఒకే గుడ్డ, రెండు కోడ్‌లు. తూచింది అంచుతో అయితే భాగించేదీ అంచుతోనే.

ఔన్సుల్లో చెప్తే ముందు 'చదరపు గజానికా, పొడవు గజానికా' అని అడగండి. చదరపు గజానికి ఒక ఔన్సు అంటే చదరపు మీటరుకు 33.9 గ్రాములు. మూడు ఔన్సుల గుడ్డ అనగానే నూరు లోపే అనిపిస్తుంది, నిజానికి 101.7.

చేతి లెక్కతో సరిచూసుకోవడం: పడుగు అంగుళానికి పోగులను పడుగు కౌంట్‌తో భాగించండి, పేకకూ అలాగే చేయండి, రెండూ కూడి 23.25తో గుణించండి. 60 కౌంట్ రెండు వైపులా, 92 × 88 పోగులైతే 180ని 60తో భాగిస్తే 3, గుణిస్తే దాదాపు 70 గ్రాములు. ఇంత దూరంలో ఉంటే దిగులు లేదు. అదే 40 కౌంట్, 92 × 80 అయితే 172ని 40తో భాగిస్తే 4.3, అంటే దాదాపు సరిగ్గా 100. పైగా ఈ లెక్కలో పోగుల వంపు లేదు. పోగు ఒకదాని మీదుగా ఒకటి వంగుతూ వెళ్తుంది కనుక అసలు పొడవు ఇంకా ఎక్కువ, ఆ మేరకు బరువూ ఎక్కువే. ఇలాంటి గుడ్డకు కాగితం మీద '98 జీఎస్‌ఎమ్' అని కనిపిస్తే నేనైతే ఆ కాగితాన్ని పక్కన పెట్టి తూకం తీస్తాను.

*హెచ్చరిక:* '100 జీఎస్‌ఎమ్, ప్లస్ మైనస్ 5 శాతం' అన్న ఒప్పందం వ్యాపారానికి సరిపోతుందేమో, వర్గీకరణకు పనికిరాదు. అది 95 నుంచి 105 దాకా, అంటే గీతకు రెండు వైపులా. మీ తూకం 97, 103 మధ్య వస్తే ల్యాబ్‌కు పంపండి. కొన్ని తాన్లు ఇటు, కొన్ని అటు తేలితే డిక్లరేషన్‌లో రెండు వరుసలుగా విడగొట్టండి.

4. 'రంగు వేసిన' గుడ్డేనా?

కంటికి రంగుగా కనిపించిన గుడ్డంతా టారిఫ్ భాషలో రంగు వేసిన గుడ్డ కాదు. తెలుపు కాని ఒకే ఏకరీతి రంగు గుడ్డకు వేసి ఉండాలి, లేదా మొత్తం ఒకే రంగు నూలుతో నేసి ఉండాలి. తెలుపు కాని రంగు ఫినిష్ పట్టించినదీ ఇందులోకే వస్తుంది.

ఒక పడుగు పోగు, ఒక పేక పోగు లాగి తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టండి:

- రెండూ ఒకే రంగు, ఒకే ఛాయ: రంగు వేసినది, 5208.3 వరస.
- పడుగు నీలం, పేక తెలుపు, చాంబ్రే లాంటిది: వేర్వేరు రంగుల నూలు, 5208.4 వరస. ఒకే రంగులో రెండు ఛాయలున్నా ఇక్కడికే.
- పోగులోనే రెండు రంగుల పీచు కలిసి ఉంది, మెలాంజ్ లాంటిది: ఇదీ 5208.4 వరసే.
- పైన డిజైన్ అచ్చు ఉంది: 5208.5 వరస. కుంచెతో, స్ప్రేతో, బదిలీ కాగితంతో, బాటిక్ పద్ధతిలో వేసినా అచ్చుగానే లెక్క. కింద గుడ్డకు ముందే రంగు వేసి ఉన్నా, రంగురంగుల నూలుతో నేసినా, అచ్చు పడ్డాక అచ్చు గుడ్డే.
- తెల్ల రంగు వేసినది, తెల్ల ఫినిష్ ఇచ్చినది: బ్లీచ్ చేసిన గుడ్డ, 5208.2 వరస.

అంచు పోగుల రంగు చూడనక్కర్లేదు. గుడ్డంతా ఆకుపచ్చగా ఉండి అంచులో ఎర్ర పోగు ఉన్నంత మాత్రాన అది వేర్వేరు రంగుల గుడ్డ అయిపోదు. మెర్సరైజింగ్ (మెరుపు కోసం కాటన్‌కు చేసే క్షార చికిత్స) చేయడం వల్ల కూడా వరస మారదు. కడిగితే పోయే గుర్తింపు రంగు ఉన్న ముడి గుడ్డ ముడి గుడ్డగానే ఉంటుంది.

5. నేత చూడండి

పేక పోగు ప్రతి పడుగు పోగునూ ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా దాటుతూ పోవాలి. పడుగూ అంతే. అదే సాదా నేత. వాయిల్, లాన్, కేంబ్రిక్, పాప్లిన్ మామూలుగా ఇదే నేత. అయినా ఒక అంగుళం భూతద్దం కింద చూడకుండా రాయకండి, ఎందుకంటే మధ్యలో అక్కడక్కడ డాబీ చుక్కలుంటే (నేతలోనే వేసిన చిన్న డిజైన్) అది సాదా నేత కాదు.

ఆక్స్‌ఫర్డ్ గుడ్డలో జంట పోగులు కలిసి నడుస్తాయి. చూడ్డానికి సాదాగా ఉన్నా నిర్వచనానికి సరిపోదు, 'ఇతర' కిందికి పోతుంది. ఐదు పోగుల శాటిన్, జాకార్డ్ కూడా అంతే. ఏటవాలు గీత కనిపిస్తే నేత ఎన్ని పోగులకు ఒకసారి తిరిగి మొదలవుతుందో లెక్కపెట్టండి. మూడో నాలుగో అయితే ట్విల్ వరస, క్రాస్ ట్విల్ కూడా అందులోదే.

6. ఆరు అంకెలు రాయండి

కాటన్ 85 శాతం లేదా ఎక్కువ, 200 గ్రాములు మించని, రంగు వేసిన గుడ్డకు:

- సాదా నేత, 100 గ్రాములు మించనిది: 5208.31
- సాదా నేత, 100 దాటినది: 5208.32
- మూడు, నాలుగు పోగుల ట్విల్: 5208.33
- మిగిలినవన్నీ: 5208.39

నూరు గ్రాముల గీత సాదా నేతకే. 80 గ్రాముల ట్విల్ అయినా, 180 గ్రాముల ట్విల్ అయినా 5208.33. 5210లో ఆ గీత అసలే లేదు.

నాలుగైదు ఉదాహరణలు చూస్తే చేయి తిరుగుతుంది. నూరు శాతం కాటన్, సాదా నేత, నేసిన తర్వాత రంగు వేశారు, 72 గ్రాములు: 5208.31. 97 శాతం కాటన్, 3 శాతం స్పాండెక్స్, 2/1 ట్విల్ (మూడు పోగులది), 190 గ్రాములు, ఒకే రంగు: 5208.33; అదే గుడ్డ 205 తూగితే 5209.32. 60 శాతం కాటన్, 40 శాతం పాలియెస్టర్, సాదా నేత, ఒకే రంగు, 95 గ్రాములు: 5210.31. 55 శాతం కాటన్, 45 శాతం లినెన్, ఒకే రంగు, 150 గ్రాములు: 5212.13. నీలం పడుగు, తెల్ల పేక, నూరు శాతం కాటన్, సాదా నేత, 115 గ్రాములు: 5208.42. ఇక పల్చని డెనిమ్: డెనిమ్‌కు ప్రత్యేక కోడ్‌లు 5209లోనూ 5211లోనూ మాత్రమే ఉన్నాయి. నూరు శాతం కాటన్ డెనిమ్ 200 గ్రాములు మించకపోతే, నేత మూడు నాలుగు పోగుల ట్విల్ అయితే, 5208.43.

7. మీ దేశపు అంకెలు కలపండి

పేర్లకు పనిబడేది ఇక్కడే, అదీ కొన్ని దేశాల్లోనే. భారత టారిఫ్ ఎనిమిది అంకెల దగ్గర లుంగీ, చీర, షర్టింగ్, మస్లిన్, వాయిల్ లాంటి పేర్లతో విడగొడుతుంది. యూరోపియన్ యూనియన్ 5208.32 కింద 130 గ్రాముల గీత, 165 సెంటీమీటర్ల పన్నా చూస్తుంది. అమెరికా నూలు సగటు నంబరు చూస్తుంది (42 దాకా, 43 నుంచి 68, 69 ఆపైన), ధ్రువీకరించిన చేమగ్గం గుడ్డను వేరే వరసలో పెడుతుంది. అందుకే మొదట్లో కౌంట్, పన్నా అడిగి ఉంచుకోమన్నది. ఒక దేశపు ఎనిమిదో పదో అంకెలను ఇంకో దేశపు కాగితం మీదికి ఎక్కించకండి.

మీరు చూస్తున్న టారిఫ్ హెచ్‌ఎస్ 2022 కూర్పు మీద ఆధారపడిందో లేదో కూడా చూడండి. పాత పట్టికల్లో 5208.53 కనిపిస్తుంది, అచ్చు ట్విల్‌కు ఉన్న ఆ కోడ్ 2007 కూర్పులో పోయింది, ఇప్పుడు 5208.59. తర్వాతి కూర్పు 2028 జనవరి 1 నుంచి అమల్లోకి వస్తుంది.

8. దాఖలు చేసే ముందు సరిచూసుకోండి

మీ జవాబు చెప్పకుండా ఇంకొకరికి నమూనా, ఖాళీ కాగితం ఇచ్చి పీచు, బరువు, రంగు, నేత నాలుగూ రాయమనండి. తేడా వచ్చిన చోట మళ్లీ కొలవండి. సాధారణంగా బరువు దగ్గరో రంగు వరస దగ్గరో వస్తుంది.

అమెరికా కస్టమ్స్ తన రూలింగ్‌లను (వర్గీకరణ నిర్ణయాలను) క్రాస్ అనే శోధనలో, యూరోపియన్ యూనియన్ ఈబీటీఐలో అందరికీ అందుబాటులో పెడతాయి. మీ గుడ్డను పోలినవి చదవండి. వేరే దేశపు నిర్ణయం మీ దేశాన్ని కట్టిపడేయదు, కానీ ఆరు అంకెల దాకా తర్కం ఎలా నడిచిందో తెలుస్తుంది.

డిక్లరేషన్‌లో 'కాటన్ వాయిల్, డైడ్' అని రెండు ముక్కలు రాసి వదలకండి. ఇలా రాయండి: "నేత గుడ్డ, 100 శాతం కాటన్, సాదా నేత, నేసిన తర్వాత ఒకే రంగు వేసినది, చదరపు మీటరుకు 72 గ్రాములు, పన్నా 147 సెంటీమీటర్లు, 60 × 60 కౌంట్." చూసే అధికారికి నాలుగు ప్రశ్నలకూ అక్కడే జవాబు దొరుకుతుంది. నమూనా ముక్క, తూకం కాగితం, ల్యాబ్ రిపోర్టు ఒకే ఫైలులో లాట్ నంబరుతో ఉంచండి.

గీత మీద కూర్చున్న గుడ్డను పదే పదే తెప్పించేవారు అడ్వాన్స్ రూలింగ్ (దిగుమతికి ముందే కస్టమ్స్ రాసిచ్చే నిర్ణయం) తీసుకోవడం మేలు. డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) వాణిజ్య సౌలభ్య ఒప్పందం 3వ అధికరణం సభ్యదేశాలు ఈ ఏర్పాటు చేయాలంటుంది. దరఖాస్తుతో మీరు నిజంగా తెప్పించే గుడ్డనే పంపండి. రూలింగ్ ఆ గుడ్డకే వర్తిస్తుంది, కాబట్టి తర్వాతి ఆర్డరులో సరఫరాదారు కౌంటో పోగుల లెక్కో మార్చాడని తెలిస్తే, ఆ లాట్‌ను మూడో మెట్టు నుంచి మళ్లీ తూచండి.